వేగమునకును కట్ట వలయును

(మహదేవపూర్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



“యువజనులు, క్రీడలు” అను విషయముపై మాట్లాడుమని నిర్వాహకులు నన్ను కోరిరి. కబడ్డీని గూర్చియో, వాలీబాలును గూర్చియో చెప్పుదునని మీరు తలంచియుందురు. ఆ క్రీడలు మీకు నాకంటె బాగుగా తెలియును. నేనీ దినమున మోటారు పందెములను గూర్చియు, వానిలో పేరు గాంచిన ఇరువురు బాలుర తొలినాళ్ళను గూర్చియు చెప్పదలచితిని. పంచాయతీకిని మోటారు పందెమునకును ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. ఆ సంబంధమును తెలుపుటయే నా ఉద్దేశ్యము.

కొంతకాలము క్రిందట, వరికోతల దినములలో, పనిమీద నేనొక గ్రామమునకు పోయితిని. గ్రామము పేరు చెప్పను. అట్టి గ్రామమును మీలో ప్రతివారును ఎరిగియేయుందురు. అంతకు ముందటి రాత్రి పందొమ్మిదేండ్ల యువకుడొకడు మోటారు సైకిలుపై వేగముగా వచ్చుచు, తారు రోడ్డుపై ఆరబోసిన వడ్లకు అడ్డుగా పెట్టిన రాళ్ళను చీకటిలో గమనింపక, వానికి తగిలి పడి మరణించెను. తలపై హెల్మెట్ లేదు. బండి దీపము సరిగా వెలుగుట లేదు. పత్తి అమ్మిన సొమ్ముతో తండ్రి ఆ బండిని కొనియిచ్చియుండెను. నేను పలుకరింపగా ఆ తండ్రి అన్న మాట యిది: “బండి కావాలన్నడు సారూ, కొనిచ్చిన. నడుపుడు ఎవలన్న నేర్పాలె అన్న సంగతి నాకు తోచనేలేదు.”

ఆ మాట నన్ను విడువలేదు. మన పల్లెలలో తండ్రి కొడుకునకు నాగలి పట్టుట నేర్పును. ఎడ్లబండి తోలుట నేర్పును. ఈత నేర్పునప్పుడు నడుమునకు ఎండిన సొరబుర్రలు కట్టి, తాను నీటిలో నిలిచి నేర్పును. తాటిచెట్టెక్కు గీతకార్మికుడు మోకు కట్టుట తెలియని బాలుని చెట్టెక్కనీయడు. అపాయముగల ప్రతి పనికిని మన పెద్దలు ఒక గురువును, ఒక క్రమమును ఏర్పరచిరి. ఎద్దుకంటె అనేక రెట్లు బలముగల యంత్రమును మాత్రము బాలుని చేతికిచ్చి, తాళము జేబులో వేసికొమ్మని ఊరకున్నాము.

దీని ఫలితమును అంకెలు చెప్పుచున్నవి. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వీరిలో నూటికి నలుబది నలుగురికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే. ఆ సంవత్సరపు మరణములలో నూటికి డెబ్బదికి పైగా మితిమీరిన వేగమువలన కలిగినవని కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చినది.

అయితే వేగము పాపమని నేను చెప్పను. పదునెనిమిదేండ్ల వానికి వేగముపై మోజు లేకుండుమనుట, వానకాలమున వాగును పారవద్దనుటవంటిది. చెరువులు కట్టుకొని బ్రదికిన నేల మనది. కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరముల వద్ద నీటిని తిట్టుచు కూర్చొనలేదు. కట్ట వేసిరి, తూము పెట్టిరి, మిగులు నీరు పోవుటకు అలుగు విడిచిరి. కట్ట లేని నీరు పొలమును కోసివేయును. కట్టగల నీరు పంట పండించును. వేగమునకును కట్ట వలయునన్నదే నేడు నేను చెప్పదలచిన ఒక్క మాట. ఆ కట్టను ఇతరులు ఎట్లు కట్టిరో ఇప్పుడు చూతము.

తమిళనాడునందలి కోయంబత్తూరు ప్రాంతమున తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఆ ప్రాంతమున కలంగల్ అను పల్లెలో 1893లో ఒక తెలుగు రైతు కుటుంబమున జి. డి. నాయుడు జన్మించెను. బడి చదువు ఆయనకు అంతగా అబ్బలేదు. ఒకనాడు ఆంగ్లేయ అధికారి యొకడు మోటారు సైకిలుపై వచ్చుట చూచి ఆ బాలుడు ఆశ్చర్యపడెను. పల్లె విడిచి కోయంబత్తూరు చేరి, హోటలులో పనికి కుదిరి, సొమ్ము కూడబెట్టి, తుదకు ఆ మోటారు సైకిలునే కొనెను. కొని చేసిన పని యేమి? దానిని భాగములుగా విప్పి, ప్రతి భాగమును పరిశీలించి, తిరిగి కూర్చెను. యంత్రము లోపల ఏమి జరుగునో తెలిసిన తరువాతనే దానికి యజమాని అయ్యెను. 1920లో ఆయన ఒక్క బస్సుతో పొల్లాచి, పళని పట్టణముల నడుమ ప్రయాణికులను చేరవేయ నారంభించెను. అటుపిమ్మట పెద్ద బస్సుల సంస్థను నెలకొల్పి, యంత్రములు నిర్మించి, దేశవిఖ్యాతుడయ్యెను. ఒక మోటారు సైకిలుపై బాలునికి కలిగిన మోజు ఎంతదూరము పోగలదో ఈ కథ చెప్పుచున్నది.

ఆ కోయంబత్తూరే తరువాత మోటారు పందెములకు పుట్టినిల్లయినది. లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ అను ఆయన, మన ఇండ్ల ముందు కనబడు చిన్న మారుతి కారు ఇంజనునే తీసికొని, ఒక్కరు కూర్చుండు పందెపు బండ్లను స్వదేశముననే తయారు చేయించెను. విదేశములనుండి బండ్లు తెప్పించుకొనలేని యువకులకు ఇది గొప్ప సహాయమయ్యెను. పూర్వము మద్రాసు వద్ద షోలవరములో, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు పాత విమానాశ్రయపు దారిమీద కార్లకును మోటారు సైకిళ్ళకును పందెములు జరుగుచుండెడివి. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున పందెములకొరకే ప్రత్యేకముగ నిర్మించిన బాట సిద్ధమయ్యెను. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదమున మరణించెను. కోయంబత్తూరు సమీపమునందలి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరిట వెలసినదే.

ఈ బాటలపై ఎదిగినవాడు నారాయణ్ కార్తికేయన్. 1977 జనవరి 14న జన్మించెను. తండ్రి జి. ఆర్. కార్తికేయన్ మోటారు ర్యాలీలలో జాతీయ విజేత. తండ్రి అంతటివాడైనను కుమారుని ఊరి రోడ్లపై వదలలేదు. బాలుడు తొలి పందెమును శ్రీపెరుంబుదూరు బాటమీద, చిన్న ఇంజనుగల ఫార్ములా మారుతి బండిపై పరుగిడెను. ఆ తొలి పందెముననే మొదటి ముగ్గురిలో నిలిచెను. “మావాడు గెలిచినాడు, ఇక నేర్వవలసిన దేమున్నది?” అని ఇంటివారు తృప్తిపడలేదు. 1992లో, పదునైదేండ్ల వయస్సున, ఫ్రాన్సు దేశములోని విన్‌ఫీల్డ్ రేసింగ్ పాఠశాలకు పంపిరి. ఆ పాఠశాల వారి పోటీలో అతడు గెలువలేదు, ఉపాంత్య దశవరకు మాత్రమే పోగలిగెను.

తిరిగి వచ్చి 1993లో మరల శ్రీపెరుంబుదూరున చిన్న బండ్లనే నడిపెను. ఆ యేడే ఇంగ్లండులో ప్రారంభ తరగతి పందెములలో చేరెను. 1994లో బ్రిటనునందలి ఫార్ములా ఫోర్డు శీతకాలపు పోటీలలో ప్రథముడై, ఐరోపాలో మోటారు పందెముల విజేతృత్వము పొందిన తొలి భారతీయుడయ్యెను. 1996లో ఫార్ములా ఆసియా విజేత అయ్యెను. అటుపిమ్మట మరి తొమ్మిది సంవత్సరములు పైమెట్లెక్కుచు పోయి, 2005లో ప్రపంచమున మిక్కిలి పెద్దదైన ఫార్ములా వన్ పందెములో పాల్గొనెను. అందు పాల్గొన్న మొదటి భారతీయుడు అతడే. 2010లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను.

సభ్యులారా, లెక్క చూడుడు. తొలి పందెమునకును పెద్ద పందెమునకును నడుమ సుమారు పదమూడు సంవత్సరములు. ప్రతి మెట్టునను అంతకు ముందటి బండికంటె కొంచెము బలమైన బండి. ప్రతి మెట్టునను నేర్పువాడొకడు, చూచువాడొకడు. మన యువకుడో, సైకిలు దిగిన మరునాడే గంటకు నూరు కిలోమీటర్లు పోగల బండి ఎక్కుచున్నాడు. ఆ నడుమ ఒక్క మెట్టయినను లేదు.

“అతడు ధనవంతుల బిడ్డ, ఫ్రాన్సు పోయెను, మా పల్లె పిల్లవానికి అది సాధ్యమా?” అని మీరడుగుట న్యాయమే. అందుచేతనే రెండవ బాలుని కథ చెప్పెదను. ఇతడు పల్లెవాడు. నడుపునది కారు కాదు, మోటారు సైకిలే.

స్పీడ్‌వే అను పందెమొకటి కలదు. అది మట్టిబాటపై జరుగు మోటారు సైకిళ్ళ పందెము. 1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్‌లండ్ అను ఊరి వ్యవసాయ ప్రదర్శన మైదానమున జరిగిన పందెముతో ఇది ప్రారంభమైనదని చెప్పుదురు. అనగా ఎడ్లను, గుఱ్ఱములను, పంటలను ప్రదర్శించు మైదానమున పుట్టిన ఆట యిది. బాట కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. చుట్టుకొలత మూడు, నాలుగు వందల మీటర్లు. ఒక్కొక్క పందెమున నలుగురే పోటీదారులు, నాలుగే చుట్లు. ఒక్క నిమిషములో ముగియును. మొదటివానికి మూడు మార్కులు, రెండవవానికి రెండు, మూడవవానికి ఒకటి, కడపటివానికి సున్న.

ఆ మోటారు సైకిలుకు బ్రేకులు లేవు. వినుటకు వింతగా నున్నను ఇది నిజము. నలుగురు ఒకరి ప్రక్క నొకరు పోవుచుండగా ముందువాడు హఠాత్తుగా ఆగినచో వెనుకవాడు అతనిపై పడును. కావున ఎవరికిని బ్రేకులుండరాదని నియమము. మలుపు వద్ద పోటీదారు వెనుక చక్రమును కావలసియే జార్చి, ఇనుప తొడుగు వేసిన ఎడమ కాలిని నేలకు ఆనించి, బండిని ప్రక్కవాటుగా పోనిచ్చి వేగమును అదుపు చేయును. మణికట్టునకు ఒక త్రాడు కట్టియుండును. అతడు క్రింద పడినచో ఆ త్రాడు లాగబడి ఇంజను తక్షణమే ఆగును. తలకు హెల్మెట్, ఒంటికి మందమైన దుస్తులు విధిగా నుండవలెను. పెద్ద పోటీలలో మలుపుల వద్ద గాలి నింపిన మెత్తని గోడలుండును. పందెము జరుగుచున్నంతసేపు వైద్యుడును, వాహనమును సిద్ధముగా నుందురు. బ్రేకులు లేని బండికి ఎన్ని కట్టలు వేసిరో చూచితిరి గదా!

ఈ ఆటకు పోలండ్ దేశమున మిక్కిలి ఆదరణ కలదు. అచట కినిత్సె అను చిన్న పల్లెలో పెరిగిన బార్తోష్ జ్మర్జ్లిక్ 1995 ఏప్రిల్ 12న జన్మించెను. ఇతని అన్నకును మోటారు సైకిళ్ళపై మోజే. తండ్రి ఆ మోజును తిట్టి అణపలేదు, రోడ్డుమీదికిని విడువలేదు. బిడ్డలు అభ్యసించుటకు ఒక చిన్న మట్టిబాటను సిద్ధపరచెను. బాలురకొరకు చిన్న ఇంజనుగల బండ్లతో నడుపు చిన్న స్పీడ్‌వే అను తరగతి ఆ దేశమున కలదు. బార్తోష్ అందు మొదలిడెను. 2011లో, పదునారేండ్ల వయస్సున, దగ్గరనున్న గోజూఫ్ పట్టణపు జట్టు తరపున పెద్దల లీగులో ప్రవేశించెను. 2012లో అదే పట్టణమున జరిగిన గ్రాండ్ ప్రిక్సు పోటీలో స్థానికుడని ఒక అవకాశ మీయగా, పదునేడేండ్ల ఆ బాలుడు ప్రపంచ వీరుల నడుమ మూడవవాడై నిలిచెను. 2014లో, పందొమ్మిదేండ్లకు, అచటనే ప్రథముడయ్యెను. 2015లో ఇరువదియొక్క యేండ్లలోపు వారి ప్రపంచ విజేత అయ్యెను.

అయినను పెద్దల ప్రపంచ విజేతృత్వము వెంటనే చేతికి రాలేదు. 2016లో మూడవ స్థానము, 2018లో రెండవ స్థానము లభించెను. 2019లో ప్రథమ స్థానము దక్కెను. అది మొదలు 2025 వరకు ఆరు మారులు ప్రపంచ విజేత అయి, ఆ ఆటలో అత్యధిక విజయములు గల పూర్వ వీరుల సరసన చేరెను. పల్లెలో తండ్రి వేసిన చిన్న మట్టిబాటయే దీనికంతకును మొదటి మెట్టు.

ఇప్పుడు మహదేవపూర్‌కు వత్తము. మన ప్రాంతమున గోదావరి ఇసుక తీసికొని లారీలు పోవుచుండును. మలుపుల వద్ద ఇసుక రాలి పడియుండును. స్పీడ్‌వే పోటీదారు నేర్చుకొని, కావలయునని, కంచె లోపల బండిని జార్చును. మన యువకుడు నేర్వక, తెలియక, ఎదుట లారీ వచ్చు దారిలో అదే ఇసుకపై జారును. రెండును జారుటయే. ఒకదానికి చప్పట్లు, మరియొకదానికి ఏడుపులు. నడుమనున్న భేదము ధైర్యము కాదు. నేల, గురువు, నియమము అను మూడు కట్టలు మాత్రమే.

అట్లని మీ గ్రామమున పందెపు బాట వేయుమని నేను కోరుట లేదు. అది పంచాయతీ చేయదగిన పని కాదు. ప్రభుత్వపు అనుమతి లేక బహిరంగ స్థలములలో వేగపు పందెములు నడుపుట మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద శిక్షార్హము. పందెములలో దిగగోరు యువకుడు భారత మోటారు క్రీడా సంఘముల సమాఖ్య యిచ్చు లైసెన్సు పొంది, వారు గుర్తించిన బాటలపైననే పాల్గొనవలెను. పంచాయతీ చేయగల పనులు వేరే కలవు. వానిలో ఐదింటిని మనవి చేయుదును.

మొదటిది నేల. గ్రామ క్రీడా ప్రాంగణము ఉన్నచోట దానిని గడ్డి మొలవనీయక వాడుకలో నుంచుడు. పంద్రాగస్టుకును, జనవరి 26కును బాలబాలికలకు సైకిలు పందెములు పెట్టుడు. నెమ్మదిగా పోవు సైకిలు పందెమును తప్పక పెట్టుడు. కాలు నేల మోపక అందరికంటె వెనుక వచ్చినవాడు గెలుచు ఆ పందెము, బండి నిలుకడను నేర్పుటలో మంచి గురువు.

రెండవది గురువు. ప్రతి గ్రామమున జాగ్రత్తగా బండి నడుపు పెద్దవాడొకడును, బండి విప్పి కూర్చగల మెకానిక్కొకడును ఉందురు. నెలకొక ఆదివారము వారిచేత యువకులకు బ్రేకు, దీపము, టైరు, గొలుసు పరీక్షించుట నేర్పింపుడు. బండి కడుపులో ఏమున్నదో తెలిసికొనగోరు బాలుడు కనబడినచో, అతడు తిరుగుబోతని కొట్టివేయక, ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు శిక్షణకు పంపుడు. జి. డి. నాయుడు అట్టి బాలుడే.

మూడవది నియమము. పదునెనిమిదేండ్లు నిండనివానికి గేర్లుగల మోటారు సైకిలు తాళము ఈయరాదు. 2019లో చేసిన సవరణ ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో, తండ్రికి గాని బండి యజమానికి గాని మూడు సంవత్సరములవరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. ఈ సంగతి తెలియని తండ్రులు ఎందరో కలరు. గ్రామసభలో దీనిని చదివి వినిపించుడు. హెల్మెట్ వెనుక కూర్చున్నవారికిని విధియే. సర్పంచే ముందు ధరించి గ్రామమున తిరిగినచో, వేరే ప్రచారము అక్కరలేదు.

నాలుగవది రోడ్డు. ధాన్యమును, మక్కలను రోడ్డుపై ఆరబోయుట రైతు సరదాకు చేయు పని కాదు. వేరు చోటు లేక చేయుచున్నాడు. కల్లములకు స్థలము చూపుట, ఉన్న కల్లములను బాగుచేయుట పంచాయతీ పని. చోటు చాలని దినములలోనైన, రాత్రివేళ రోడ్డుపై రాయి మిగులకుండ చాటింపు వేయింపుడు. మలుపులలో కనుచూపును మూయు తుమ్మ పొదలను కొట్టింపుడు. రాలిన ఇసుకను ఊడ్పింపుడు. అపాయకరమైన మలుపులను వ్రాసి, రోడ్లు భవనముల శాఖకు తీర్మానము పంపుడు.

ఐదవది సహాయము. ప్రమాదము జరిగినచోట నిలుచుటకు మనవారు జంకుదురు, పోలీసు కేసు మెడకు చుట్టుకొనునని భయపడుదురు. ప్రమాద బాధితుని సద్బుద్ధితో ఆదుకొన్నవానిపై సివిలు గాని, క్రిమినలు గాని బాధ్యత రాదని చట్టమే చెప్పుచున్నది. 108కి ఫోను చేయుట, బాధితునితో నిలుచుట ప్రతివాని ధర్మమని చెప్పుడు.

ఈ ఐదు పనులకును పెద్ద నిధులు అక్కరలేదు. ఒక తీర్మానము, కొన్ని ఆదివారములు, పెద్దల పట్టుదల చాలును. వీనివలన ప్రతి గ్రామమునుండి ఒక ప్రపంచ విజేత రాడు; ఆ మాట నేను చెప్పజాలను. కాని ప్రతి గ్రామమున ఒక బిడ్డ ఇంటికి తిరిగి వచ్చును.

నేను మొదట చెప్పిన తండ్రి మాటతోనే ముగించెదను. నడుపుట ఎవరైన నేర్పవలెనన్న సంగతి ఆయనకు తోచలేదు. ఆ తప్పు ఆయన ఒక్కనిది కాదు. ఆయనకు తోచునట్లు చెప్పవలసినవారము మనము. కొడుకు చేతికి తాళమిచ్చు ప్రతి తండ్రికిని, ప్రతి తల్లికిని, ఈ సంగతి తాళముకంటె ముందు అందునట్లు చూచుటయే నేడు మీ చేతిలోనున్న పని. మన పూర్వులు నీటికి కట్ట వేసి మనకు చెరువుల నిచ్చిరి. మనము వేగమునకు కట్ట వేసి మన బిడ్డలను నిలుపుకొందము.